నంబరు లేని ఇండ్లకు బయటి సాక్షి
ఫోను కలవకపోతే తప్పు సిగ్నల్‌ది కాకపోవచ్చు
చిన్న సర్వర్‌తో తేలే గుట్టు

నల్లగొండ, మహబూబ్‌నగర్: ముంబైలో మేస్త్రి పనికి పోయిన కొడుకు ఫోనులో కనబడతాడు గాని మాట వినబడదు. బోరు దగ్గర బిగించుకున్న కెమెరా ఇంట్లో వైఫై మీద చక్కగా చూపిస్తుంది, బస్సెక్కి ఊరు దాటగానే తెర నల్లబడుతుంది. పోచంపల్లిలోనో, గద్వాలలోనో మగ్గం మీది చీరను కొనేవారికి నేరుగా చూపించబోతే 'కలుపుతున్నాం' అన్న అక్షరాలే తిరుగుతుంటాయి. ఇలాంటప్పుడు అందరి నోటా వచ్చే మాట ఒక్కటే, 'సిగ్నల్ లేదు' అని. కొన్నిసార్లు అది నిజమే. పెక్కుసార్లు మాత్రం సిగ్నల్ నిండుగా ఉంటుంది, చిరునామా ఉండదు.

ఇంటర్నెట్ మీద రెండు ఫోన్లు నేరుగా మాట్లాడుకోవాలంటే ఒకదాని నంబరు మరొకదానికి తెలియాలి. మన ఉమ్మడి జిల్లాల్లోని ఇండ్లలో, చేతి ఫోన్లలో చాలావాటికి బయటి ప్రపంచంలో సొంత నంబరే లేదు. ఆ సంగతి ఫోనుకు కూడా తెలియదు. బయట నిలబడి చూసి, 'నువ్వు నాకు ఫలానా నంబరుతో కనబడుతున్నావు' అని చెప్పే సాక్షి ఒకరు కావాలి. ఆ సాక్షి పని చేసేందుకు ఒక చిన్న సర్వర్ చాలు. ఓపిక గల యువకుడెవరైనా దాన్ని నడపవచ్చు. నడిపేవారికి కొన్ని బాధ్యతలు మాత్రం ఉన్నాయి.

మేస్త్రి కేరాఫ్ ఉత్తరాలు

పాలమూరు కూలీల సంగతి ఈ జిల్లాల్లో తెలియనివారు లేరు. డ్యాముల దగ్గర, కాలువల దగ్గర గుడిసెలు వేసుకొని నెలల తరబడి పని చేసిన కుటుంబాలు వేలు. గుడిసెకు ఇంటి నంబరుండదు. ఊరి నుంచి ఉత్తరం రావాలంటే గుంపు మేస్త్రి పేరు మీదనే రావాలి. వచ్చిన ఉత్తరం ఏ గుడిసెకో మేస్త్రికి తెలుసు గనుక పంచేవాడు.

ఇంటింటా గోడకు బిగించిన ఇంటర్నెట్ రూటర్ చేసే పని సరిగ్గా ఇదే. ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక టీవీ, ఒక కెమెరా ఉంటే వాటికి 192.168తో మొదలయ్యే లోపలి నంబర్లు ఇస్తుంది. ఇవి గుడిసె నంబర్ల వంటివి, గడప దాటితే చెల్లవు. ఫోను బయటికి చీటీ పంపినప్పుడు రూటర్ దాని మీది గుడిసె నంబరు కొట్టేసి తన నంబరు వేస్తుంది. పక్కన 'పోర్టు' అనే ఒక వరుస సంఖ్య వేసి తన చిట్టాలో రాసుకుంటుంది. జవాబు రాగానే చిట్టా చూసి ఆ ఫోనుకే అందిస్తుంది. ఈ పద్ధతికి నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్ అని పేరు, పొట్టిగా 'నాట్' అంటారు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ముందుగా లోపలి నుంచి చీటీ పోకుండా బయటి నుంచి ఎవరైనా కొత్తవారు చీటీ పంపితే మేస్త్రి చిట్టాలో ఆ పేరుండదు. ఎవరికివ్వాలో తెలియక పారేస్తాడు. ఇటువైపు ఒక మేస్త్రి, అటువైపు మరొక మేస్త్రి ఉంటే ఇద్దరూ పారేస్తారు. కొడుకూ తండ్రీ ఇద్దరూ ఫోను పట్టుకొని కూర్చున్నా మాట కలవకపోవడానికి ఒక కారణం ఇదే.

నంబర్లు ఎందుకు చాలలేదు

పాత పద్ధతి ఇంటర్నెట్ నంబర్లు మొత్తం 429 కోట్ల చిల్లర. ఒక్క భారతదేశ జనాభాయే 140 కోట్లు దాటింది. ఇంటికి నాలుగైదు పరికరాలుంటే ప్రపంచానికి ఈ నంబర్లు ఏ మూలకూ చాలవు. నంబర్ల కరువు వస్తుందని ముందే పసిగట్టి, 1994 మే నెలలో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఈ 'నాట్' పద్ధతిని కాగితం మీద పెట్టారు. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ భాండాగారంలోని చివరి నంబర్ల కట్టలు పంపకమైపోయాయి. అదే ఏడాది ఏప్రిల్ 15న ఆసియా-పసిఫిక్ వాటా కూడా అడుగంటి రేషన్ మొదలయింది.

దానితో కంపెనీలు మరో మెట్టు ఎక్కాయి. ఇంటి రూటర్‌కు కూడా సొంత నంబరు ఇవ్వకుండా, అనేక ఇండ్లను కలిపి ఒకే నంబరు వెనుక పెట్టసాగాయి. అంటే మేస్త్రి మీద పెద్ద మేస్త్రి అన్నమాట. ఈ ఏర్పాటు కోసమే 2012 ఏప్రిల్‌లో 100.64 నుంచి 100.127 వరకు మొదలయ్యే 41,94,304 నంబర్లను ప్రత్యేకంగా కేటాయించారు. ఇంటి రూటర్‌ను ఎంత సరిచేసుకున్నా పెద్ద మేస్త్రి చిట్టా మన చేతిలో ఉండదు. బోరు కెమెరా ఊరు దాటితే చూపకపోవడానికి చాలాచోట్ల ఇదే మూలం.

వింత ఏమిటంటే, పక్కపక్క ఇండ్లవారు ఇద్దరూ ఒకే పెద్ద మేస్త్రి కింద ఉంటే వారిద్దరి మధ్య కూడా మాట కలవకపోవచ్చు. తన గుంపు చిరునామాకే తన గుంపు నుంచి చీటీ వస్తే దాన్ని లోపలికి మళ్లించడం కొందరు మేస్త్రులకు చేతకాదు.

కాగితాల మీద శ్రీసురేశ్ పేరు

ఈ చిక్కును విప్పిన కాగితాలు తిరగేస్తే పైడా శ్రీసురేశ్ అనే పేరు పదేపదే కనబడుతుంది. పైడా అన్న ఇంటిపేరు గోదావరి జిల్లాల వైపు తెలిసినదే. 1999 ఆగస్టులో 'నాట్' పరిభాషను నిర్వచించిన పత్రం మీద హోల్డ్రెజ్‌తో కలిసి ఆయన పేరుంది. 2001 జనవరిలో పద్ధతిని స్థిరపరచిన పత్రం మీద ఎగెవాంగ్‌తో కలిసి ఉంది. 2005లో బ్రయాన్ ఫోర్డ్, డాన్ కెగెల్‌లతో కలిసి ఆయన వెలువరించిన పరిశోధన పత్రం మన ప్రస్తుత విషయానికి ముఖ్యం.

వారు చెప్పిన కిటుకు సులువైనది. ఇద్దరికీ పరిచయమున్న బయటి సర్వర్ ఒకటి ఉంటుంది. ఇద్దరూ దానికి చీటీ పంపుతారు. ఎవరు ఏ నంబరుతో, ఏ పోర్టుతో కనబడ్డారో ఆ సర్వర్ రెండోవారికి చెబుతుంది. వెంటనే ఇద్దరూ ఒకేసారి ఒకరికొకరు చీటీలు వేసుకుంటారు. ఇటు మేస్త్రి చిట్టాలోనూ అటు మేస్త్రి చిట్టాలోనూ పేర్లు ఎక్కుతాయి గనుక తర్వాతి చీటీలు లోపలికి వస్తాయి. గోడకు రెండు వైపుల నుంచి ఒకే చోట కన్నం పెట్టినట్టు. ఆ తర్వాత సర్వర్ పక్కకు తప్పుకుంటుంది, మాటలు నేరుగా సాగుతాయి.

మూడు సర్వర్ల పరీక్ష

మరి ఏ మేస్త్రి దగ్గర ఈ కిటుకు పారుతుంది, ఏ మేస్త్రి దగ్గర పారదు? అది తేల్చేందుకు వారు 'నాట్ చెక్' అనే పరీక్ష పెట్టారు. ఇందుకు బయట మూడు సర్వర్లు నిలిపారు.

పరీక్షించుకునే కంప్యూటర్ మొదటి సర్వర్‌కు, రెండో సర్వర్‌కు చీటీ పంపుతుంది. ఇద్దరూ తమకు కనబడిన నంబరు చెబుతారు. రెండు జవాబులూ ఒకటే అయితే మేస్త్రి నికరమైనవాడు, ఒక గుడిసెకు ఒకే వరుస సంఖ్య వేస్తున్నాడు. జవాబులు వేరైతే ఒక్కో చిరునామాదారుకు ఒక్కో సంఖ్య వేస్తున్నాడన్నమాట. అలాంటి చోట సర్వర్ చెప్పిన నంబరు అవతలివారికి పనికిరాదు. ఇక రెండో సర్వర్ ఈ సంగతి మూడో సర్వర్‌కు చెవిన వేస్తుంది. మూడోది ఎన్నడూ పరిచయం లేని వ్యక్తిలా తానే ఒక చీటీ పంపుతుంది. అది లోపలికి వస్తే తలుపు బార్లా తెరిచి ఉన్నట్టు, రాకపోతే కాపలా ఉన్నట్టు.

ఊరూపేరూ చెప్పని స్వచ్ఛంద వాడకందార్లు తమ ఇండ్లలో ఈ పరీక్ష నడిపి ఫలితాలు పంపారు. 68 తయారీదార్ల పరికరాల నుంచి 380 ఫలితాలు చేరాయి. 380లో 310 చోట్ల, అంటే వందకు 82 వంతున, మాటలకూ బొమ్మలకూ వాడే యూడీపీ పద్ధతిలో కిటుకు పారింది. టీసీపీ అనే మరో పద్ధతిలో 286కు గాను 184 చోట్ల, అంటే వందకు 64 వంతున, పారింది. తన గుంపు చీటీని తనలోకే మళ్లించగలిగినవి మాత్రం యూడీపీలో 335కు 80 మాత్రమే. ఏ పరికరం కొంటే మేలో, ఏది మార్చాలో తయారీదార్లకూ వాడకందార్లకూ ఈ లెక్కలతో తెలిసివచ్చింది. మూడు మామూలు సర్వర్లు, వాటిని ఓపికగా నడిపిన మనుషులు లేకపోతే ఈ లెక్క వచ్చేది కాదు.

'స్టన్' అనే కట్టుబాటు

ఇదే సాక్షి పనికి 2003 మార్చిలో 'స్టన్' అనే ప్రామాణిక పద్ధతి వచ్చింది. మేస్త్రులను నాలుగు రకాలుగా విడదీసి, 'మీది ఫలానా రకం' అని తీర్పు చెప్పడం అందులో ఒక భాగం. అయిదేండ్లు తిరిగేసరికి ఆ తీర్పులు నమ్మదగినవి కావని తేలింది. ఒకే మేస్త్రి పొద్దున ఒక తీరుగా, పనులు పెరిగిన వేళ మరో తీరుగా నడుచుకోవడం కద్దు. అందుకే 2008 అక్టోబరులో సవరించిన పత్రంలో రకాల విభజన తీసివేశారు. 'ఈ క్షణాన నువ్వు నాకు ఇలా కనబడుతున్నావు' అని చెప్పడం వరకే స్టన్ పని అని స్థిరపరచారు. లోతైన పరీక్ష కావాలనుకునేవారికి 2010 మేలో వేరే పత్రం ఇచ్చారు. దానికి సర్వర్‌కు రెండు సొంత నంబర్లు ఉండాలి.

మరో చమత్కారం కూడా ఉంది. కొన్ని రూటర్లు అతి తెలివికి పోయి, జవాబు చీటీ లోపల రాసిన నంబరును కూడా మార్చేసేవి. సాక్షి చెప్పిన మాట దారిలోనే చెడిపోయేది. అందుకని 2008 నుంచి ఆ నంబరును తారుమారు చేసి రాసి పంపుతున్నారు. ఫోను దాన్ని విప్పి చదువుకుంటుంది, రూటర్ గుర్తుపట్టలేదు.

నడపడానికి ఏం కావాలి

స్టన్ సర్వర్ నడపడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. అడిగే చీటీ 20 బైట్లు, క్లుప్తమైన జవాబు 32 బైట్లు. పైకవరు బరువు కలుపుకున్నా రెండూ కలిసి 108 బైట్లకు మించవు. లక్ష సార్లు అడిగి జవాబులు పొందినా 11 మెగాబైట్ల లోపే. ఫోనుతో తీసిన మూడు నాలుగు ఫొటోల బరువన్నమాట. ఇందుకు కోటర్న్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది. అద్దె సర్వర్లలో అతి చిన్నది సరిపోతుంది. 3478 అనే పోర్టు తెరిచి పెట్టాలి.

అయితే ఒక నిబంధన తప్పనిసరి. సాక్షి రోడ్డు మీద నిలబడాలి. అంటే సర్వర్‌కు మేస్త్రి అడ్డం లేని సొంత నంబరు ఉండాలి. పెద్ద మేస్త్రి వెనుకనున్న ఇంట్లోని కంప్యూటర్ ఈ పనికి పనికిరాదు. తన చిరునామాయే తెలియనివాడు ఇతరుల చిరునామా చెప్పలేడు గదా.

నడిపేవారు మరచిపోరాని సంగతి ఇంకొకటి. సర్వర్ ఆగిపోతే వాడకందారు తిట్టేది సర్వర్‌ను కాదు. తన లైనే పోయిందనుకొని లైన్‌మన్‌కు ఫోను చేస్తాడు, రూటర్ మార్చుతాడు, డబ్బు పోగొట్టుకుంటాడు. తప్పుడు సాక్ష్యం కంటె సాక్షి లేకపోవడం మేలంటారు. ఇక్కడ రెండూ చేటే. కనుక ఒకటి ఆగితే మరొకటి అందుకునేలా రెండు చోట్ల పెట్టడం, రోజూ బయటి నుంచి ఒకసారి అడిగి చూసుకోవడం అవసరం.

కాపలా లేకపోతే

ఊరందరికీ తెరిచి పెట్టిన బావిలో ఎవరైనా చెడ్డపని చేయవచ్చు. దుండగులు తమ నంబరుకు బదులు గిట్టనివారి నంబరు వేసి వేలాది చీటీలు పంపితే, సర్వర్ జవాబులన్నీ ఆ అమాయకుడి మీద వచ్చి పడతాయి. 2021లో స్టన్ సర్వర్లను ఇలా దాడులకు వాడుతున్నట్లు భద్రతా సంస్థలు హెచ్చరించాయి. ఒకే నంబరు నుంచి లెక్కకు మించి చీటీలు వస్తే జవాబు ఆపేలా హద్దు పెట్టుకోవడమే దీనికి విరుగుడు.

గోప్యం మరో విషయం. ఎవరు ఎప్పుడు అడిగారో, ఏ నంబరు నుంచి అడిగారో సర్వర్‌కు తెలుస్తుంది. ఆ వివరాలు పదిమందికి పంచేవి కావు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సేవాదారులు, సంస్థలు తమ చిట్టాలను 180 రోజులు భద్రపరచాలి. కాలేజీ గాని, సంఘం గాని సర్వర్ నడపదలిస్తే ఈ నియమాలు ముందుగా తెలుసుకోవడం మంచిది.

పరీక్ష వైద్యం కాదు

రక్తపరీక్షతో జబ్బు తెలుస్తుంది గాని తగ్గదు. స్టన్ కూడా అంతే. మేస్త్రి ఒక్కో చిరునామాదారుకు ఒక్కో సంఖ్య వేసేవాడని తేలితే, చాలాసార్లు నేరు దారి ఉండదు. అప్పుడు 'టర్న్' అనే మోత సర్వర్ కావాలి. ఇద్దరి మాటలూ, బొమ్మలూ దాని మీదుగానే పోతాయి. 2020 ఫిబ్రవరిలో సవరించిన టర్న్ పత్రం మీద మొదటి పేరు తిరుమలేశ్వర్ రెడ్డిది.

మోత అనేది ఖర్చుతో కూడినది. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున నడిచే బొమ్మ ఒకవైపుకే గంటకు 450 మెగాబైట్లు అవుతుంది. రెండు వైపులా లెక్కిస్తే రెట్టింపు. పైగా అది దూరంలో ఉంటే మక్తల్ నుంచి దేవరకొండకు పోవలసిన మాట సముద్రం దాటి తిరిగి వస్తుంది, ఆలస్యమవుతుంది. సాక్షి దూరాన ఉన్నా నష్టం లేదు గాని మోసేవాడు దగ్గరలో ఉండాలి. తాళం వేయకుండా టర్న్ తెరిచిపెడితే ఊరూవాడా తమ బరువులన్నీ దాని మీద వేస్తారు. కొత్తగా నేర్చుకునేవారు స్టన్ వరకే పరిమితమవడం ఉత్తమం.

నేరు దారిలో ఒక మెలిక కూడా లేకపోలేదు. అవతలివారికి మన నంబరు తెలిసిపోతుంది. అందుకే వాట్సాప్ 2023 నవంబరులో కాల్స్‌లో ఐపీ చిరునామాను దాచే సదుపాయం ఇచ్చింది. అది పెట్టుకుంటే కాల్ కంపెనీ సర్వర్ మీదుగా పోతుంది, నాణ్యత కొంత తగ్గవచ్చు. తెలియకుండా పెట్టుకొని లైను బాగా లేదని బాధపడేవారు ఒకసారి చూసుకోవాలి.

ఇంట్లోనే చూసుకోవచ్చు

తాము ఏ మేస్త్రి కింద ఉన్నారో ఎవరైనా చూసుకునే వీలుంది. రూటర్ పేజీ తెరిచి 'వాన్' అని రాసి ఉన్న చోట నంబరు చూడాలి. అది 100.64 మొదలు 100.127 వరకు దేనితోనైనా మొదలైనా, లేదా 10తో మొదలైనా, పెద్ద మేస్త్రి ఉన్నట్టే. వేరే నంబరు కనబడితే, బయటి సర్వర్ చెప్పే నంబరుతో పోల్చాలి. రెండూ ఒకటైతే ఇంటికి సొంత నంబరున్నట్టు. కెమెరా బిగించే కుర్రవాడు వేలు పోసి కొత్త రూటర్ కొనమంటే, కొనేముందు ఈ రెండు నంబర్లు చూపమని అడగడం రైతుకు లాభం. పెద్ద మేస్త్రి ఉన్నచోట ఏ రూటర్ తెచ్చినా ఫలితం లేదు. కంపెనీని అడిగి సొంత నంబరు తీసుకోవాలి, లేదా సర్వర్ మీదుగా నడిచే కెమెరా కొనాలి.

కాసేపు మాట్లాడాక కాల్ తెగిపోతుంటే మరో అనుమానం. చప్పుడు లేకపోతే మేస్త్రి చిట్టాలో పేరు కొట్టేస్తాడు. రెండు నిమిషాల లోపల కొట్టేయరాదని 2007 జనవరి నాటి పత్రం చెబుతున్నా, అన్ని పరికరాలు పాటించడం లేదు.

కొత్త నంబర్లు, కొత్త తీగలు

ఈ కరువుకు శాశ్వత మార్గం ఐపీవీ6 అనే కొత్త నంబర్ల పద్ధతి. 340 పక్కన 36 సున్నాలు పెడితే వచ్చేటన్ని నంబర్లు అందులో ఉన్నాయి. ప్రతి గుడిసెకూ, అందులోని ప్రతి చెంబుకూ ఇచ్చినా తరగవు. కేంద్ర టెలికాం శాఖ 2010 జులైలోనే దీనికి దారిపటం విడుదల చేసింది. 2016 సెప్టెంబరులో సేవలు ప్రారంభించిన జియో మొదటి నుంచే దీన్ని వాడింది. అయినా ఒక కొసన కొత్త నంబరు, మరో కొసన పాతది ఉంటే చిక్కు మళ్లీ మొదటికే వస్తుంది. అందరికీ కొత్త నంబరు వచ్చాక కూడా రూటర్లు తెలియనివారిని లోపలికి రానివ్వవు. కాబట్టి బయటి సాక్షి అవసరం అప్పుడూ ఉంటుంది.

2024 డిసెంబరులో టీ-ఫైబర్ సేవలను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన చోట్లలో నారాయణపేట జిల్లా మద్దూరు కూడా ఉంది. తీగ ఇంటిదాకా వస్తే వేగం వస్తుంది. వేగంతోపాటు చిరునామా కూడా ఇస్తున్నారా, లేక పెద్ద మేస్త్రి వెనుకనే నిలబెడుతున్నారా అన్నది కనెక్షన్ తీసుకునే రోజే తెలియాలి. కనెక్షన్ కాగితంలో ఆ ఒక్క ముక్క రాయిస్తే వాడకందారుకు ఎంతో మేలు.

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇలాంటి విద్యాలయాల కంప్యూటర్ విద్యార్థులు ఒక స్టన్ సర్వర్ నిలిపి, పేర్లు లేకుండా ఫలితాలు పోగుచేస్తే, ఏ మండలంలో ఏ కంపెనీ లైను మీద నేరు దారి దొరుకుతుందో, ఎక్కడ దొరకదో లెక్క తేలుతుంది. 2005లో 380 ఫలితాలతోనే ప్రపంచానికి పనికొచ్చే పట్టిక తయారయింది. అచ్చంపేట నుంచి కోదాడ దాకా అటువంటి పట్టిక ఉంటే, సొంత నంబరు కావాలని కంపెనీని అడిగే రైతు చేతిలో ఒక ఆధారం ఉంటుంది. ముంబైలో కొడుకు ఉన్న తల్లికి, తప్పు తన ఫోనుది కాదన్న సంగతైనా తెలుస్తుంది.